కోడలి ఫోన్ కోసం నేర్చిన అక్షరాలు

గద్వాలలోని ఒక గ్రంథాలయంలో నేను మూడేళ్ళు కూర్చున్నాను. ఆ మూడేళ్ళలో అక్కడి పుస్తకం ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. సిగ్గుపడుతూ చెప్పాల్సిన సంగతే. కానీ ఆ హాల్లో నాతోపాటు కూర్చున్నవాళ్ళలో ఎవరూ తీసుకెళ్ళలేదు కాబట్టి, సిగ్గు అందరికీ పంచితే తలా కొంచెమే వచ్చేది.

మేమంతా పోటీ పరీక్షల వాళ్ళం. మా పుస్తకాలు మేమే సంచుల్లో మోసుకొచ్చేవాళ్ళం. గ్రంథాలయం మాకు ఇచ్చేవి వేరే ఉండేవి: కుర్చీ, ఫ్యాను, చల్లటి నీళ్ళు, ఛార్జింగు ప్లగ్గు, వైఫై, ఆడవాళ్ళకు తాళంచెవితో సహా ఒక మరుగుదొడ్డి. అన్నీ ఉచితమే. పుస్తకాలు అద్దాల బీరువాల్లో నిలబడి మమ్మల్ని చూస్తుండేవి. మేం ఆ అద్దాల్లో చూసుకుని జుట్టు సరిచేసుకునేవాళ్ళం.

నాది వడ్డేపల్లి దగ్గర పల్లె. మా నాన్న సీడు పత్తి వేస్తాడు. ఆ పంటలో పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దాలి, అద్దిన ప్రతిసారీ వంగాలి. డిగ్రీ అయ్యాక "గ్రూప్స్‌కు చదువుతా" అన్న ఒక్క మాటతో నేను ఆ వంగుడు నుంచి తప్పించుకుని గద్వాలలో గదికి చేరాను. గదిలో రేకుల కప్పు కింద ఉడికిపోయేవాళ్ళం. అందుకే పొద్దున ఎనిమిది కల్లా గ్రంథాలయం గేటు దగ్గర నిలబడేదాన్ని. చదువు మీద నాకున్న శ్రద్ధ చూసి మా నాన్న ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాడట. ఫ్యాను సంగతి ఆయనకు తెలియదు.

గ్రంథపాలకుడిని అందరం సారు అనేవాళ్ళం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. నిజంగానే పుస్తకాలు చదివేవాడు, అదే ఆయన దురదృష్టం. ఎవరైనా తన బల్ల వైపు నడిచి వస్తుంటే ఆశగా తల ఎత్తేవాడు. వచ్చినవాళ్ళు "సార్, పాస్‌వర్డు మారిందా?" అని అడిగేవాళ్ళు. ఆయన ఓపికగా చెప్పేవాడు. దరఖాస్తులు రాసిపెట్టేవాడు, కంప్యూటర్లో హాల్‌టికెట్లు తీసిచ్చేవాడు, ఏ ఆఫీసు ఎటువైపో దారి చెప్పేవాడు. ఆయన సొరుగులో పాత కళ్ళద్దాలు ఓ పదిహేను జతలుండేవి. కాలం చేసిన పాఠకుల ఇళ్ళకు వెళ్ళి అడిగి తెచ్చినవి. పేపరు చదవడానికి వచ్చే పెద్దవాళ్ళు అద్దాలు మరిచిపోతే, వాటిలో తమ చూపుకు సరిపడేవి ఏరుకుని, చదవడం అయ్యాక తిరిగి ఇచ్చేసేవాళ్ళు. ఆ గ్రంథాలయంలో క్రమం తప్పకుండా ఒకరు తీసుకుని వాడి వాపసు ఇచ్చే వస్తువు అదొక్కటే.

మూడో ఏడు ఎండాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. నేతపని ఆమెది; గద్వాల చీరల మగ్గం మీద ముప్పై ఏళ్ళుగా కూర్చుంటున్న మనిషి. చేనేత పింఛను ఫారం నింపించుకోవడానికి వచ్చింది. సారు కంప్యూటర్ దగ్గర ఎవరిదో సర్టిఫికెట్ తీస్తూ నన్ను పిలిచి, "అమ్మా, నువ్వు జర ఈమెది నింపిపెట్టు" అన్నాడు.

నింపాను. సంతకం చోట ఆమె బొటనవేలు చాచింది. ముద్ర వేశాక ఆ వేలిని కొంగుకు తుడవలేదు; పక్కనున్న పాత పేపరు ముక్క వెతికి దానికి తుడుచుకుంది. తర్వాత కదలకుండా నిలబడింది.

"బిడ్డా, అక్షరాలు నేర్వాలంటే ఎన్ని దినాలు పడ్తది?"

"ఎందుకమ్మా?"

"ఊకెనే. సెల్లుల వస్తయి సూడు, గవి సదవాలె."

నా గుండె పొంగింది. వయోజన విద్య మీద వ్యాసం నేను అప్పటికి నాలుగుసార్లు ప్రాక్టీసు చేసి ఉన్నాను. పథకాలు, కమిటీలు, సవాళ్ళు, ముందున్న దారి, అన్నీ కంఠతా వచ్చు. నేర్పమని ఒక మనిషి ఎదురుగా వచ్చి అడిగితే ఏం చేయాలో మాత్రం ఆ వ్యాసంలో లేదు. "రేపటి నుంచి రండి, నేను నేర్పిస్త" అనేశాను. అందులో సేవాభావం ఎంతో, మధ్యాహ్నం మూడింటికి రాజ్యాంగ సవరణలు చదవలేని బద్ధకం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

మరుసటి రోజు పలకతో వచ్చింది. సారు సొరుగు తెరిచి అద్దాలు ముందు పెట్టాడు. ఆరు జతలు మార్చి, ఏడోది పెట్టుకుని, పలక దూరంగా పట్టి చూసి తలూపింది. ఆ జతను ఇంటికి కూడా తీసుకెళ్ళమన్నాడు సారు. ఆడవాళ్ళ బల్ల చివర మా బడి మొదలైంది.

అక్షరం ఆకారం ఒక్కసారి చూస్తే చాలు, ఆమె మరిచిపోయేది కాదు. బుటా ఏ పోగు దగ్గర తిరగాలో ముప్పై ఏళ్ళు చూసుకున్న కళ్ళు అవి. దాని శబ్దమే గుర్తుండేది కాదు. "ణ"ను చూసి "మామిడిపిందె ఉన్నట్లుంది" అనేది. దాన్ని ఏమని పలకాలో అడిగితే ఫ్యాను వైపు చూసేది. నేను రాసిన "ఖ" వంకరగా ఉందని రెండుసార్లు తుడిచి తానే రాసి చూపించింది. నాకంటే బాగా వచ్చింది. చదవడం రాని మనిషి చేతిరాత అంత అందంగా ఉండటం చూసి పక్క బల్ల అమ్మాయి నోట్సులోంచి తల ఎత్తింది.

మూడో వారంలో అసలు సంగతి చెప్పింది.

"నాకొక కోడలుంది. రాయచూరు పిల్ల. పెండ్లయి ఏడాదిన్నర. సదువుకున్నది. దినాం సెల్లుల వాళ్ళమ్మకు ఏందో రాస్తది. రాసుకుంట రాసుకుంట నా దిక్కు సూస్తది. నా మీదనే రాస్తుంది. ఏం రాస్తుందో నాకు తెల్వాలె."

"మీ కొడుకును అడిగితే సరిపోదా?"

"వాడు చీరలు తీస్కోని ఊర్ల పొంటి తిరుగుతడు. పొద్దూకినంక వస్తడు. అడిగిననుకో, పెండ్లాం దిక్కే మాట్లాడ్తడు."

"ఆమె ఫోనుకు తాళం ఉంటది కదమ్మా."

"తొమ్మిది సుక్కలు. ఏలు ఎట్ల తిప్పుతదో రెండుసార్లు సూసిన. మా కొంగుల పని అంతకన్న కష్టముంటది" అంది, పలక తుడుస్తూ.

అంటే నేను అక్షరజ్యోతి వెలిగిస్తున్నానని మురిసిపోతున్న ఈ మూడు వారాలూ ఒక అత్తకు గూఢచారి శిక్షణ ఇస్తున్నానన్నమాట. అక్కడే ఆపేసి ఉండాల్సింది. "ఒకరి ఫోను చూడటం తప్పమ్మా" అని ఒక మాట అన్నాను కూడా. ఆమె "నా ఇంట్ల కూసోని నా మీద రాస్తే తప్పు కాదా?" అంది. అప్పటికే గుణింతాల దాకా వచ్చాం; మధ్యలో వదలబుద్ధి కాలేదు. ఆ కోడలు ఏం రాస్తుందో తెలుసుకోవాలని నాకూ ఉంది. అది ఒప్పుకోకపోతే ఈ జ్ఞాపకం రాయడంలో అర్థం లేదు.

రోజూ మూడింటికి ఇంట్లో ఏం చెప్పి వస్తున్నారని ఒకసారి అడిగాను. "దవాఖానకు పోతున్న అంట. మోకాళ్ళు నొస్తున్నయి అంటే ఎవరూ ఎంట రారు" అంది.

వానలు మొదలయ్యేసరికి ఆమె కూడబలుక్కుని చదవసాగింది. పేపర్లో పెద్దక్షరాల శీర్షికలు, బస్సు బోర్డులు, మందుల దుకాణం పేరు. గోడ మీద "నిశ్శబ్దం పాటించండి" అన్నది పది నిమిషాలు గట్టిగా చదివి హాలంతటినీ తలలు ఎత్తేలా చేసింది. ఇక ఫోను చూడటమే తరువాయి.

చూసింది. మరునాడు మూడింటికి రాలేదు, రెండుంపావుకే వచ్చింది. ముఖం ముడుచుకుని ఉంది.

"నువ్వు నాకు తప్పు నేర్పినవ్" అంది.

"ఏం తప్పమ్మా?"

"సగం అక్షరాలు నువ్వు సెప్పినయే ఉన్నయి. సగం ఏందో సొట్టలు పోయినయి. సదివితే ఏం సమజ్ కాలే. సూడు."

బ్లౌజులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. నేతవాళ్ళు డిజైన్లు గీసుకునే గళ్ళ కాగితం అది. కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తెరిచి, అందులో కనిపించిన నాలుగు వరుసలనూ గళ్ళు లెక్కపెట్టి, చీర కొంగుకు దించినట్టు దించుకొచ్చింది. ఒక్క సున్నా కూడా పోలేదు. నేను చదవబోయాను. "ర" మనదే, "గ" మనదే, "ద" మనదే. తలకట్టు ఉండాల్సిన చోట మాత్రం అడ్డగీతలు. ఏమీ అర్థం కాలేదు. నేర్చుకున్న ఆమె, నేర్పిన నేను, ఇద్దరం ఒక్కలాగే ఆ కాగితం ముందు కూర్చుండిపోయాం.

సారుకు చూపించాను. ఒక్కసారి చూసి, "కన్నడం" అన్నాడు.

రాయచూరు పిల్ల కన్నడంలో చదువుకుని ఉంటుందని నాకు ఎందుకు తట్టలేదో తెలియదు. కర్ణాటక బస్సుల మీద రోజూ చూసే అక్షరాలే. నాలుగు నెలల శ్రమ పక్క రాష్ట్రం లిపి దగ్గర ఆగిపోయింది. అందులోనూ ఆ రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళలా ఉండి, ఆమెను సగం దారి దాకా నమ్మించి మరీ ఆపాయి.

"ఇప్పుడెట్ల?" అంది ఆమె.

సారు పేపర్ల బల్ల వైపు చూశాడు. అక్కడ రోజూ ఒక పెద్దాయన ఉర్దూ పేపరు, తెలుగు పేపరు రెండూ చదివేవాడు. రిటైరైన బస్సు కండక్టరు. రాయచూరు రూటులో ఇరవై ఏళ్ళకు పైగా చేసిన ముస్లిం పెద్దమనిషి. కన్నడం బాగా వచ్చు. సారు పిలిస్తే వచ్చి, కాగితం చేతిలోకి తీసుకుని, మొదటి వరుస మీద కళ్ళు ఆనించి, వెంటనే మడిచేశాడు.

"ఇది ఒకరి ఇంట్ల మాట. నేను బోర్డులు సదివినోన్ని గని ఒకల ఉత్తరాలు సదవలే. తప్పైతది."

"నా ఇంట్ల మాటనే అన్నా. నా కోడలు రాసింది" అంది ఆమె.

"నీకు రాసిందా?"

ఆమె కొంగు సర్దుకుంది. ఆయన కాగితం బల్ల మీద పెట్టి మళ్ళీ విప్పాడు. ఏమనుకున్నాడో, అన్నాడు: "సరే. సదువుత. కాకపోతే ఇది ఇన్నంక నువ్వు ఇంటికి పోయి లొల్లి పెట్టొద్దు. మాటియ్యి."

ఆమె మాటిచ్చింది. ఆయన గొంతు తగ్గించి చదివాడు. "అత్తె దినా ఆస్పత్రెగె హోగ్తారె." ఆగి తెలుగులో చెప్పాడు. "అత్త దినాం దవాఖానకు పోతుంది. ఏం రోగమో సెప్తలేదు. ఎంట వస్తనంటే వద్దంటది. కొత్తగ కండ్లద్దాలు కూడ పెట్టుకుంటుంది. నాకు భయమైతుంది అమ్మా. మా ఆయనకు సెప్పాల్నా వద్దా. కూరల కారం మాత్రం ఇంకా తగ్గిస్తలేదు, నా నోరు మండిపోతుంది."

విన్నాక ఆమె మొదట అన్న మాట ఇది:

"నా కారం సంగతి గూడ రాసిందా?"

కండక్టరు నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి బ్లౌజులో పెట్టుకుని, అద్దాలు సొరుగులో వేసి వెళ్ళిపోయింది. ఆ రోజు పాఠం జరగలేదు. తనను గురించి కోడలు ఏం రాస్తుందో తెలుసుకుందామని రోజూ ఇల్లు దాటి వచ్చింది; ఆ ఇల్లు దాటి రావడం గురించే కోడలు రాసింది. ఇంట్లోనే కూర్చుని ఉంటే ఒక్క కారం సంగతే ఉండేది.

అయిదు రోజులు ఆమె కనబడలేదు. నాకు గుబులుగా ఉండేది. మాట తప్పి ఇంట్లో రచ్చ చేసిందేమోనని, అందులో నా పేరు ఎంత దూరం వచ్చిందోనని. అక్షరాస్యత వల్ల కాపురాలు కూలతాయన్న పాయింటు నా వ్యాసంలో ఎక్కడా లేదు.

ఆరో రోజు మూడింటికి వచ్చింది. వెనకాల ఒక అమ్మాయి ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు. గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి తొంగి చూసి అడిగింది.

"దవాఖాన అన్నవు కదత్తమ్మా?"

"ఇదే. రా."

"డాక్టరు ఏరి?"

"గీమెనే" అని నన్ను చూపించింది.

ఆ అమ్మాయి ముఖంలో అయోమయం చూసి సారు లేచి వచ్చి, కూర్చోమని, రోజూ వచ్చేవాళ్ళు సంతకం చేసే రిజిస్టరు ముందు పెట్టాడు. అది ఆయన అలవాటు. ఏడుస్తూ వచ్చినవాళ్ళ చేత కూడా ముందు సంతకం పెట్టిస్తాడు. అమ్మాయి పెన్ను తీసుకుని గుండ్రంగా పేరు రాసింది. అత్త మెడ చాచి చూసింది.

"గిట్ల కాదు. తెలుగుల రాయి."

"నాకు తెలుగు రాదు అత్తమ్మా."

"మాట్లాడ్తవు గద."

"మాట్లాడ్త. రాయనీకె, సదవనీకె రాదు. మా బడిల కన్నడనే ఉండె."

"మరి ఇంటికొచ్చే కాయితాలు? మొన్న రేషన్ కార్డుది వస్తే 'ఆయన వచ్చినంక సూపిస్త' అని లోపల పెడ్తివి?"

"నాకు సదవరాదని సెప్తె మీరేమంటరోనని. సదువుకున్న పిల్ల అని తెచ్చుకుంటిరి కద."

అత్త కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఏడాదిన్నరగా ఆ కాగితాలను కోడలు తనకు చూపకుండా మొగుడికే చూపించడం పొగరనుకుంది. అనుకుని మగ్గం దగ్గర కూర్చుని మనసులో ఎన్ని అంచులు నేసిందో. ఇప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో పగటిపూట తెలుగు చదవగలిగే మనిషి గత నెల నుంచి తానొక్కతే.

సంగతి అర్థమయ్యాక ఆమె నడుం నిటారైంది. కోడలి చేతిలోంచి పెన్ను తీసుకుంది. రిజిస్టరులో తన పేరు వెతికి, దాని కింద కోడలి పేరు తెలుగులో నింపాదిగా రాసింది. ఒత్తు ఒకటి తప్పిపోయింది. నేను దిద్దలేదు.

"రేపటి సంది దినాం నా ఎంట రా. నేను నేర్పిస్త" అంది.

అలా నా ఉద్యోగం పోయింది. ఆడవాళ్ళ బల్ల చివర అత్త గురువు, కోడలు శిష్యురాలు. నేను నాలుగు నెలలు ఓపికగా చెప్పిన మాటలే ఆమె నోట గద్దింపుగా బయటికొచ్చేవి. "ఎన్నిసార్లు సెప్పాలె? తలకట్టు పైన పెట్టు." కోడలు నవ్వు ఆపుకుని రాసేది. కారం సంగతి, కాగితం సంగతి అత్త ఎత్తలేదు. కానీ ఒకరోజు కోడలు నాతో, "ఈ మధ్య అత్తమ్మ కూరల కారమే వేస్తలేదు, సప్పగ తినలేకపోతున్న, ఎట్ల సెప్పాలె అక్కా?" అంది. నేను నీళ్ళు తాగడానికి లేచాను.

గురువు గారి దర్జా పదకొండు రోజులే సాగింది. కన్నడం వచ్చిన పిల్లకు తెలుగు లిపి ఎంతసేపు? పన్నెండో రోజు కోడలు పేపరు మొదటి పేజీ గడగడా చదివేసింది. అత్త ఇంకా శీర్షిక రెండో పదం దగ్గర ఉంది. అత్త అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "కండ్లు నొస్తున్నయి" అని ఇంటికి పోయింది. రెండు రోజులు రాలేదు. మూడో రోజు కోడలే బతిమాలి తీసుకొచ్చింది. ఆ రోజు కోడలు కావాలనే రెండు ఒత్తులు తప్పు చదివింది; అత్త సంతోషంగా దిద్దింది. తప్పు కావాలని చదివిందని అత్తకూ తెలుసని నా అనుమానం.

తర్వాత నేను వనపర్తిలో పరీక్ష రాశాను. గ్రూప్స్ రాలేదు. వాటికంటే చాలా కింది మెట్టు ఉద్యోగం ఒకటి వచ్చి నాగర్‌కర్నూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఇంటర్వ్యూ ఉన్న ఉద్యోగమైతే నేర్పిన అనుభవం గురించి చెప్పుకునేదాన్నేమో; దీనికి ఇంటర్వ్యూ లేదు. మా నాన్న మాత్రం ఆ మూడేళ్ళ చదువు ఊరికే పోలేదని ఇప్పటికీ అంటాడు. నేను కాదనను.

మొన్న పండక్కని కాదు, ఒక సర్టిఫికెట్ పని మీద గద్వాల వెళ్ళి గ్రంథాలయంలోకి తొంగి చూశాను. సారు రిటైరయ్యాడు. కంప్యూటర్ దగ్గర కోడలు కూర్చుని ఉంది, జీతం లేకుండానే. నేతవాళ్ళు, రాయచూరు వైపు నుంచి కోడళ్ళుగా వచ్చిన పిల్లలు ఫారాలు పట్టుకుని వరుసలో ఉన్నారు. రెండు భాషల్లోనూ జవాబు చెబుతోంది. ఆమె గద్దింపు నాకు బాగా తెలిసిన గద్దింపే.

అత్త కనబడలేదు. వెతికితే పేపర్ల బల్ల దగ్గర ఉంది. ఎదురుగా కండక్టరు పెద్దాయన. మధ్యలో గళ్ళ కాగితం.

"ఏం చేస్తున్నవమ్మా?" అన్నాను.

"కన్నడం నేరుస్తున్న."

"ఇప్పుడెందుకు? కోడలితో బాగానే ఉన్నవు కదా."

ఆమె కంప్యూటర్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"బాగనే ఉన్నం. అయిన గని, దినాం వాళ్ళమ్మకు ఇంకా రాస్తనే ఉన్నది బిడ్డా."

పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు, నవ్వుతున్నాడో చదువుతున్నాడో తెలియకుండా.